దంతవైద్యుని యొద్ద భయమేల?

పంటిపోటు తీవ్రమై, ఆలస్యమునకు వీలులేని స్థితి యేర్పడినపుడు సైతము దంతవైద్యుని యొద్దకు పోవుటకు మనవారు పడు భయమును గూర్చి నేడు నాలుగు మాటలు చెప్పదలచితిని. ఇది పిల్లలకు మాత్రమే చెందిన సంగతి కాదు. తేలు కుట్టినను అరవనివారు, మండుటెండలో దినమంతయు దుక్కి దున్నినవారు, పదిమంది యెదుట జంకులేక తగవు తీర్చినవారు, ఆ వైద్యుని కుర్చీ పేరు వినినంతనే “రేపు చూతములే” యని వాయిదా వేయుట నేను పెక్కుమారులు చూచితిని. వారిని పిరికివారని నేననను. ఆ భయమునకు మూలములున్నవి. వానిని ఒక్కొక్కటిగా విప్పి చూచినచో, అందు నేటికిని నిజమైనదెంత, కాలము చెల్లినదెంత యను సంగతి తేటపడును. ఒక్కొక్కప్పుడు ఆ వాయిదాయే ప్రాణము మీదికి వచ్చును గనుక ఈ విచారణ మనకు మిక్కిలి యవసరము.

మొదటి మూలము పూర్వుల యనుభవము. మన ముత్తాతల నాడు పన్ను తీయుట యనగా రోగిని ఇద్దరు ముగ్గురు గట్టిగా పట్టుకొనుట, ఒకడు పటకారుతో పెరుకుట. మత్తుమందు లేదు. ఐరోపాలో సైతము క్షురకులును, సంతలలో తిరుగువారును ఈ పని చేసెడివారు. ఆ కాలమున భయపడుట అవివేకము కాదు.

అయితే 1844వ సంవత్సరమున అమెరికాలోని హార్ట్‌ఫర్డు పట్టణములో హోరేసు వెల్సు అను దంతవైద్యుడు నైట్రస్ ఆక్సైడు అను వాయువును పీల్చి, తన పంటినే మరియొకరిచే తీయించుకొని, నొప్పి తెలియకుండుటను గ్రహించెను. 1846లో విలియం మార్టను అను మరియొక దంతవైద్యుడు బోస్టను నగరపు ఆసుపత్రిలో ఒక రోగిచే ఈథరు ఆవిరిని పీల్పింపగా, శస్త్రవైద్యుడు అతని మెడమీది కంతికి చికిత్స చేసెను. నేడు లోకమంతట జరుగు పెద్ద శస్త్రచికిత్సలకు నొప్పిలేని దారి తెరచినవారిలో దంతవైద్యులు ముందున్నారని మనము మరువరాదు. 1884లో వియన్నాయందు కార్ల్ కోలరు కొకెయిను ద్రవముతో కంటిని మాత్రము మొద్దుబరుపవచ్చునని చూపెను. మనిషి మెలకువగా నుండగనే ఒక్కచోటు మాత్రము నొప్పి తెలియకుండునట్లు చేయుట నాటినుండి సాధ్యమయ్యెను. 1905లో జర్మనీనుండి ప్రొకెయిను వచ్చెను. 1943లో స్వీడనునందు నిల్స్ లోఫ్‌గ్రెన్ లిగ్నొకెయిను అను మందును తయారుచేసెను. నేడు మన పట్టణములలో దంతవైద్యులు సూదితో ఎక్కించునది సాధారణముగా ఈ మందే.

మనదేశమున 1920లో డాక్టరు రఫీయుద్దీన్ అహమ్మదుగారు కలకత్తాలో మొట్టమొదటి దంతవైద్య కళాశాలను స్థాపించిరి. 1948లో దంతవైద్యుల చట్టము వచ్చి, అర్హత గలవారి పేర్లను నమోదు చేయు పద్ధతి యేర్పడెను. ఈ విధముగా వైద్యము మారినది గాని, మన యిండ్లలో చెప్పుకొను కథలు మారలేదు. మందునకు పూర్వమున్న భయము మందు వచ్చిన తరువాత గూడ వంశపారంపర్యముగా వచ్చుచున్నది.

రెండవ మూలము కొన్ని తప్పు నమ్మకములు. పై పన్ను తీయించినచో కంటిచూపు పోవునని గ్రామములలో నేటికిని చెప్పుదురు. దీనిని నిదానముగా విచారింతము. పంటికి నొప్పి తెలియజేయు నాడి మూడు శాఖలుగా చీలి, ఒకటి నొసటికి, ఒకటి పైదవడకు, ఒకటి క్రిందిదవడకు పోవును. చూపును మెదడునకు చేర్చు నాడి వేరు. అది కంటి వెనుకనుండి నేరుగా లోనికి పోవును. పంటి వ్రేళ్లకును దానికిని సంబంధము లేదు. మరి ఈ నమ్మకమెట్లు పుట్టెను? పండ్లు కదలు వయస్సును, కంటిలో శుక్లములు వచ్చు వయస్సును ఇంచుమించుగా ఒకటియే. పన్ను తీయించుకొన్న యేటనో, మరుసటి యేటనో చూపు మందగించినచో, నేరము పటకారు మీద పడినది. నిజము విచారింపగా సంగతి తలక్రిందులుగా నున్నది. పైపంటి మొదట పట్టిన చీమును వదలివేసినచో అది అరుదుగా కంటి చుట్టునకు ప్రాకి కంటికే చేటు తేగలదు. కాబట్టి కంటికి భయపడువారు పంటికి వైద్యము చేయించుకొనవలెను గాని, మానరాదు.

పంటిలో పురుగున్నదను మాటయు నిట్టిదే. 1728లో ఫ్రాన్సు దేశపు దంతవైద్యుడు పియేరు ఫోషారు తన గ్రంథమున ఈ పురుగు వాదమును అంగీకరింపలేదు. పంటిని తొలుచునది కంటికి కనబడు పురుగు కాదు. నోటిలోని సూక్ష్మజీవులు మనము తిన్న తీపిని, పిండిపదార్థములను పులియబెట్టగా పుట్టు ఆమ్లము పంటిని కరగించును.

ఇక అసలు ప్రమాదమెచ్చటనున్నదో చూతము. పంటికి పైన గట్టి పింగాణివంటి పొర, దాని క్రింద దంతధాతువు, నడుమ మెత్తని గుజ్జు ఉండును. ఆ గుజ్జులో రక్తనాళములును నాడియు గలవు. పుచ్చు అంతవరకు దిగినచో గుజ్జు వాచును. చుట్టును గట్టిగోడలుండుటచే వాచుటకు చోటులేక నాడి నొక్కుకొనిపోవును. పరుండినపుడు తలకు రక్తపు ఒత్తిడి హెచ్చుటచే రాత్రివేళ పోటు అధికమగును. ఇట్లు కొన్నిదినములు బాధించి, పోటు ఒక్కనాడు ఉన్నట్లుండి ఆగిపోవచ్చును. మనవారు దేవునికి దండము పెట్టుకొని, తగ్గినదందురు. తగ్గలేదు, గుజ్జు చచ్చినది. సూక్ష్మజీవులు వ్రేరు కొననుండి ఎముకలోనికి దిగి, చీము పట్టి, చెంప వాచువరకు శత్రువు నిశ్శబ్దముగా పనిచేయును.

ఆ వాపు క్రిందిదవడ వెనుకనుండి గడ్డము క్రిందికి, మెడకు దిగినచో శ్వాసమార్గమే మూసికొనిపోవు నపాయము కలదు. 1836లో లూడ్విగ్ అను జర్మను వైద్యుడు వర్ణించిన ఈ రోగము నేటికిని ప్రాణాంతకమైనదే. కావున ఈ గురుతులను చక్కగా జ్ఞాపకముంచుకొనుడు: గడ్డము క్రింద గట్టిగా వాచుట, ఉమ్మి మ్రింగలేకపోవుట, నాలుక పైకి లేచినట్లుండుట, మాట ముద్దగా వచ్చుట, నోరు తెరచుకొనకపోవుట, చలిజ్వరము, కన్ను మూసికొనిపోవునంత వాపు, ఊపిరి ఆడకుండుట. వీనిలో ఏదియున్నను తెల్లవారువరకు ఆగరాదు. ఊపిరికి గాని మ్రింగుటకు గాని కష్టమైనచో 108కి ఫోను చేసి పెద్ద ఆసుపత్రికే పోవలెను.

భయమును దాటుట యెట్లో నేను కన్నులార చూచిన యొక యుదాహరణముతో చెప్పెదను. నా మేనమామగారిది దివిసీమ. డెబ్బదియేండ్లు దాటినవి, మధుమేహము గలదు. ఒక సాయంకాలము క్రిందిదవడ యెడమప్రక్క దంతము యొద్ద వాపు మొదలై, తెల్లవారునప్పటికి చెంప యెత్తుగా లేచెను. ఒళ్లు వెచ్చగా నుండెను. బందరు పోదమని నేననగా, “ఒరే అబ్బాయీ, లవంగము పెట్టితిని, అదియే తగ్గును. ఆ కుర్చీలో మాత్రము కూర్చుండను” అనిరి. చిన్నతనమున సంతలో ఒకడు ఆయన పన్ను పెరికినాడట. అరువదియేండ్లు గడచినను ఆ జ్ఞాపకము మాయలేదు. “మామయ్యా, కుర్చీలో కూర్చుండవద్దు. డాక్టరుగారితో మాటలాడి వత్తము. మీకిష్టము లేనిదే ఆమె చేయి వేయదు” అని నేను చెప్పగా, ఎట్టకేలకు బయలుదేరిరి.

ఆ వైద్యురాలు వయస్సున చిన్నది. ఆయనను వెంటనే కుర్చీమీద పరుండబెట్టలేదు. ఎదురుగా పీట వేసికొని కూర్చుండి, “తాతగారూ, మీకు అన్నింటికంటె భయము దేనివలన?” అని యడిగెను. మా మామయ్య కొంతసేపూరకుండి, “అమ్మా, నొప్పికి కాదు. నేను ఆపుమన్నను ఆపరేమోయని” అనిరి. నాకును అప్పుడే ఆయన భయపు మొదలు తెలిసినది. సంతలో ఆయనను పట్టుకొన్న చేతులు ఆయన యేడ్చినను వదలలేదు. అదియే ఆయన మనస్సున నాటుకొన్నది.

ఆమె, “అటులైన మన కొక ఒప్పందము. మీరు ఎడమచేయి యెత్తిన తక్షణము నా పని యాగును. కావలెనన్న ఇప్పుడే పరీక్షింపుడు” అని, చిన్న అద్దమును నోటి దగ్గరకు తెచ్చెను. ఆయన చేయి యెత్తిరి, ఆమె ఆగెను. మరల తెచ్చెను, మరల ఎత్తిరి, మరల ఆగెను. ఆయన మోమున చిరునవ్వు వచ్చెను. పిమ్మట ఆమె, మ్రింగుట కష్టముగా నున్నదా యని యడిగి, గడ్డము క్రింద తడిమి, నాలుక యెత్తించి, జ్వరమును, రక్తపోటును, వ్రేలికొన రక్తముతో చక్కెరను పరీక్షించి, ఏ మందులు వాడుచున్నారో అడిగి వ్రాసికొనెను. ఎక్స్‌రే తీసి, వ్రేరు కొనయందు నల్లగా కన్పట్టు చోటును ఆయనకే చూపెను.

అటుపై జరిగిన ప్రతిపనిని ముందుగా చెప్పి, పనిముట్టు చూపి, పిమ్మటనే చేసెను. చిగురుపై మొదట పూతమందు రాచి, కొంతసేపటికి సూదిని మెల్లగా వేసెను. చీము పట్టిన చోట కండ ఆమ్లగుణము పొందుటచే మత్తుమందు అచ్చట చక్కగా పనిచేయదు. అందువలన వాపున్న చోట కాక, నాడి దవడలో ప్రవేశించు చోట, దూరముగా సూది వేసెను. క్రిందిపెదవి బరువెక్కువరకు ఆగి, “తాతగారూ, ఇక ఒత్తిడి తెలియును, కదలిక తెలియును, చప్పుడు వినబడును. పోటు మాత్రము ఉండరాదు. ఉన్నచో చేయి యెత్తుడు, మరల మందిచ్చెదను” అనెను. మామయ్య రెండుమారులు చేయి యెత్తిరి. మొదటిమారు నొప్పిలేదు, ఆమె ఆగునా యని చూచుటకే. రెండవమారు నిజముగా పోటు తెలిసెను. ఆమె ఆగి మరికొంత మందెక్కించెను. ఆపైన చీము వెడలించి, పన్ను తీసెను. అది యెప్పుడు వచ్చినదో ఆయనకు తెలియలేదు. “అయినదా?” యని యడిగిరి.

ఇందు మంత్రము లేదు, క్రమమున్నది. ముందు చెప్పుట, చూపుట, పిమ్మట చేయుట యను ఈ పద్ధతిని 1959లో అడెల్‌స్టన్ అను అమెరికా దంతవైద్యుడు పిల్లల కొరకు చెప్పినాడు. అది పెద్దలకును అంతే పనికివచ్చును. 1969లో నార్మన్ కోరా అను పండితుడు దంతవైద్యభయమును కొలుచుటకు నాలుగు ప్రశ్నలు సిద్ధపరచెను. రేపు వైద్యుని యొద్దకు పోవలసియుండగా ఎట్లుండును? వేచియుండు గదిలో ఎట్లుండును? కుర్చీలో కూర్చుండి, పన్ను తొలుచు యంత్రము సిద్ధమగుచుండగా ఎట్లుండును? పండ్లు గోకు పనిముట్లు తీయుచుండగా ఎట్లుండును? ఈ నాలుగును జరుగబోవుదానిని గూర్చినవే. జరుగుచున్నదానిని గూర్చి ఒక్కటియు లేదు. మనలను బాధించునది ఎక్కువగా ముందుకాలము. అది తెలియని కాలమైనంతవరకే దాని బలము. ఏమి జరుగునో తెలిసి, ఆపుమనుటకు మనకు చేయి యున్నదని తెలిసినప్పుడు ఆ బలము సగము తగ్గును.

కావున అట్టి యవసరము వచ్చినపుడు చేయదగిన పనులు చెప్పెదను. ఇంటియొద్ద చెంపకు వేడికాపు పెట్టకుడు, వాపు హెచ్చవచ్చును. ఆస్పిరిన్ బిళ్లను చిగురుపై అదుముకొనకుడు, కండ కాలును. లవంగతైలము దూదితో పంటి పుచ్చులో కొంచెము పెట్టినచో కొంతసేపు ఉపశమించును గాని, రోగమును పోగొట్టదు. అంగడిలో కొన్న యాంటీబయాటిక్ బిళ్లలతో వాపు తగ్గినట్లు కన్పట్టినను, చీమునకు దారి చేయనిదే, లేదా పంటికి వైద్యము చేయనిదే మూలము పోదు.

కేవలము సూదిమందుతో చికిత్స చేయునపుడు పస్తుండి పోవలదు. కొంచెము తిని, వాడుక మందులు వేసికొని పోవలెను. ఖాళీకడుపుతో భయమును చేరినచో కన్నులు తిరిగి పడుట కలదు. నిద్రమత్తు ఇచ్చి చేయుదురన్నచో మాత్రము వారు చెప్పినట్లే చేయవలెను. మందుల చీట్లన్నియు వెంటతీసికొని పొండు. రక్తము పలుచబడుటకు మందు వాడువారు ఆ సంగతి తప్పక చెప్పవలెను గాని, తమంతట తాము దానిని మానరాదు. గుండెజబ్బు, మధుమేహము, పూర్వము ఏ మందైనను పడకపోవుట – ఇవియు దాచరాదు. నెమ్మది గల మనిషినొకరిని తోడు తీసికొని పొండు. భయపెట్టు కథలు చెప్పువారిని ఇంటియొద్దనే యుంచుడు.

అచ్చట మొదటిమాటగా “నాకు భయముగా నున్నది” యని చెప్పుడు. ఇది సిగ్గుపడవలసిన మాట కాదు. జ్వరమున్నదని చెప్పినట్లే ఇదియు వైద్యునకు తెలియవలసిన లక్షణము. చేతిసైగ కుదుర్చుకొనుడు. ఖర్చెంతయో ముందే యడుగుడు. పన్ను తీయుటయేనా, వ్రేరులోని నాళమును శుభ్రపరచి పంటిని నిలుపు మార్గమున్నదా యనియు అడుగుడు. కుర్చీలో నున్నపుడు ముక్కుతో మెల్లగా గాలి పీల్చి, అంతకంటె మెల్లగా విడువుడు. చేతులు పిడికిలి పట్టక, మోకాళ్లపై వదలుగా నుంచుడు. సూది వేసిన పిమ్మట గుండె కొంచెము వేగముగా కొట్టుకొన్నచో బెదరవలదు. ఆ మందులో తరచుగా కలుపు అడ్రినలిను వలన అట్లగుట కలదు, కొలదినిమిషములలో సర్దుకొనును. అయినను ఆ సంగతి వైద్యునితో చెప్పుడు.

పన్ను తీసిన తరువాత గుడ్డను ముప్పదినుండి నలుబదియైదు నిమిషములు గట్టిగా కొరికిపట్టవలెను. ఆ దినము ఉమ్మివేయుట, పుక్కిలించుట, మిక్కిలి వేడిపదార్థములు త్రాగుట కూడదు. ఆ గుంటలో గడ్డకట్టిన రక్తమే మంచి కట్టు. దానిని కదల్చినచో మూడవనాటికి తీవ్రమైన పోటు వచ్చును. చుట్ట, బీడీ, పొగాకు కాడ కొన్ని దినములు ముట్టకుడు. పొగ త్రాగువారికే ఈ పోటు హెచ్చుగా వచ్చును. పెదవి మొద్దుబారియున్నంతసేపు నమలవలదు, తెలియకుండ కొరుకుకొందురు. మరునాటినుండి గోరువెచ్చని ఉప్పునీటితో మెల్లగా పుక్కిలింపవచ్చును. ఎంత అదిమినను రక్తమాగకున్నను, వాపు పెరుగుచున్నను, జ్వరము వచ్చినను మరల వెంటనే పోవలెను.

చివరగా పెద్దలకొక మనవి. అల్లరిచేయు పిల్లవానిని “పండ్ల డాక్టరుచే సూది వేయింతును” అని బెదరించుట మన యిండ్లలో వాడుక. ఆ మాటతో ఆ పిల్లవానికి మనము ఇచ్చుచున్నది జీవితాంతము మోయవలసిన భయము. పెద్దలు పోయివచ్చి, “కొంచెము ఒత్తిడి తెలిసినది, అంతే” యని చెప్పిన మాటను పిల్లలు నమ్మినంతగా వైద్యుడు చెప్పినను నమ్మరు. గ్రామమున నలుగురు మీ మాట విందురు గదా. అట్టివారు పంటిపోటుతో అరుగుమీద కూర్చున్న పొరుగువానిని చూచినపుడు, గడ్డము క్రింద వాపున్నదా, మ్రింగగలుగుచున్నాడా యని యొక్కమారు అడుగుడు. ఉన్నదన్నచో, వాని చేయి పట్టుకొని బండి యెక్కింపుడు. ఆ తోడు చాలమందికి మత్తుమందుకంటె ముందు కావలసిన మందు.

సెలవు.